లయ సరే, లక్ష్యమేది?

మన ప్రజాకళల వేదికల మీద కొన్నేళ్లుగా ఒక లోటు కొట్టొచ్చినట్టు కనిపిస్తున్నది. పాటలో వస్తువు ఉంటుంది. పాడేవాడికి నిబద్ధత ఉంటుంది. వినేవాడికి ఆ వస్తువుతో పేచీ కూడా ఉండదు. అయినా సభలో కూర్చున్నవాడి కాలు కదలదు, పక్కవాడి భుజం మీద చెయ్యి పడదు. పాట అయిపోగానే మర్యాదగా చప్పట్లు కొట్టి, తర్వాతి వక్త కోసం ఎదురుచూస్తాడు. ఈ సంగతి మనందరికీ తెలుసు. అయినా విమర్శలో దీన్ని గురించి రాయము. వస్తువు సరైనదైతే చాలు, మిగిలినదంతా శిల్పం గొడవ అని సర్దుకుంటాము. శిల్పం గురించి మాట్లాడితే రూపవాదులనే ముద్ర పడుతుందని కొందరికి భయం కూడా ఉంది.

ఈ భయం ఎంతవరకు సమంజసమో తేల్చుకోవడానికి, మనకు ఏమాత్రం సంబంధం లేనట్టు కనిపించే ఒక విదేశీ సంగీత జట్టును పరిశీలించడం ఉపయోగపడుతుందని నా అభిప్రాయం. మనలో ఉన్న లోటుకు సరిగ్గా తలకిందులైన లోటు ఆ జట్టులో ఉంది. అక్కడ కాలు కదులుతుంది, ఒళ్లంతా కదులుతుంది. ఎందుకు కదలాలో మాత్రం ఎవరూ చెప్పరు.

ఆ జట్టు పేరు డెత్ ఫ్రం అబవ్ 1979. కెనడాలోని టొరాంటో నగరంలో 2001లో ఏర్పడింది. ఉన్నది ఇద్దరే. జెస్సీ కీలర్ బేస్ గిటార్ వాయిస్తాడు, అక్కడక్కడా సింథసైజరు కూడా. సెబాస్టియన్ గ్రెయింజర్ డ్రమ్స్ వాయిస్తూనే పాడుతాడు. 2002లో ఒక చిన్న రికార్డు, 2004లో పూర్తి రికార్డు తెచ్చారు. ఆ పూర్తి రికార్డు పేరుకు తెలుగులో 'నువ్వు స్త్రీవి, నేను యంత్రాన్ని' అని అర్థం. పదకొండు పాటలు కలిపి సుమారు ముప్పైఐదు నిమిషాలు. 2006 ఆగస్టులో విడిపోయినట్టు ప్రకటించారు. ఐదేళ్ల తర్వాత, 2011లో మళ్లీ కలిశారు గాని, ఆ సంగతి తర్వాత చెబుతాను.

మా బడిలో చదివి ఇప్పుడు ప్రొద్దుటూరులో డిగ్రీ చేస్తున్న ఒక కుర్రవాడు ఆ 2004 నాటి రికార్డును తన ఫోన్లో వినిపించాడు. అది అతను పుట్టిన నాటి సంగీతం. దాన్ని చేసినవాళ్లు రెండేళ్లకే విడిపోయారని కూడా అతనే చెప్పాడు. ఆ కుర్రవాడికి ఇంగ్లీషు పాటలోని మాటలు సగం అర్థం కావు, నాకూ మొదట కాలేదు. కాని అర్థం కాకముందే అతని చేతివేళ్లు బల్ల మీద తాళం వేస్తున్నాయి. ఒక కళారూపం భాషనూ ఖండాన్నీ దాటి కమలాపురం కుర్రవాడి వేళ్ల దాకా వచ్చిందంటే, అందులో ఏదో పనితనం ఉంది. దాన్ని పాశ్చాత్య వ్యామోహమని కొట్టిపారేయడం విమర్శ కాదు, బద్ధకం.

ఆ పనితనమేమిటో అర్థం కావాలంటే ఈ సంగీతానికి మూలమైన రెండు పాయలను గురించి కొంత చెప్పుకోవాలి.

మొదటి పాయ పంక్. 1970ల మధ్యలో అమెరికాలో న్యూయార్క్, బ్రిటన్లో లండన్ కేంద్రాలుగా పుట్టింది. అప్పటికి రాక్ సంగీతం కోట్ల వ్యాపారమైపోయింది. భారీ యంత్రసామగ్రి, గంటలకొద్దీ సాగే గిటార్ విన్యాసాలు, వేలమంది పట్టే మైదానాలు కావాలి. చేతిలో డబ్బులేని కుర్రవాడు వినాల్సిందే గాని వాయించే వీలు లేదు. బ్రిటన్లో నిరుద్యోగుల సంఖ్య పదిలక్షలు దాటిన రోజులవి. అలాంటి రోజుల్లో, సంగీతం నేర్చుకోనివాడు కూడా మూడు మెట్లు వాయించి వేదిక ఎక్కవచ్చునని పంక్ చాటింది. దాని నినాదాల్లో చాలా గందరగోళం ఉన్నమాట నిజమే. కాని ఉత్పత్తి సాధనాల మీద కొద్దిమంది పెత్తనాన్ని సంగీతరంగంలో ప్రశ్నించిన తిరుగుబాటు అది.

రెండో పాయ డిస్కో. న్యూయార్క్ నగరంలో నల్లవాళ్లు, లాటిన్ అమెరికా నుంచి వలస వచ్చినవాళ్లు, సమాజం వెలివేసిన స్వలింగ ప్రేమికులు కలిసి చిందులేసిన గదుల్లో అది పెరిగింది. నాలుగు దెబ్బలూ సమంగా పడే పెద్ద డ్రమ్ము దాని ప్రాణం. తర్వాత వ్యాపారం దాన్ని పట్టుకుని తళుకుల బొమ్మగా మార్చింది. 1979 జులై 12న చికాగోలోని ఒక బేస్‌బాల్ మైదానంలో రాక్ అభిమానులు డిస్కో రికార్డులను కుప్పపోసి బాంబు పెట్టి పేల్చారు. అది సంగీతాభిరుచి గొడవగా కనిపించినా, దాని వెనక ఎవరిమీద ఏవగింపు ఉందో వేరే చెప్పనక్కరలేదు.

అదే 1979లో ఇంగ్లండులోని లీడ్స్ నగరం నుంచి గాంగ్ ఆఫ్ ఫోర్ అనే జట్టు ఈ రెండు పాయలను కలిపింది. చైనాలో 1976లో అరెస్టయిన నలుగురి ముఠా పేరునే వీళ్లు పెట్టుకున్నారు. పంక్‌లోని కరుకుదనాన్ని నల్లవాళ్ల సంగీతంలోని లయతో ముడివేశారు. ఆ ఏడాది వచ్చిన వాళ్ల మొదటి రికార్డు పేరు 'వినోదం'. ఆ పేరే ఒక వెక్కిరింపు. మనిషి తీరిక వేళను కూడా సరుకు ఎలా ఆక్రమించుకుంటుంది, ఇంట్లో కూర్చున్నవాడు తన ఇంట్లోనే పరాయివాడు ఎలా అవుతాడు, ఉత్తర ఐర్లండు జైళ్లలో ఏం జరుగుతున్నది - ఇవీ ఆ పాటల వస్తువులు. అదంతా చిందు వేయదగిన లయలో ఉంటుంది. ఒక పాటలో ఒక మాట మార్చాలని బి.బి.సి. పట్టుబడితే, దేశమంతా చూసే కార్యక్రమాన్ని వదులుకుని బయటికి వచ్చారు. డాన్స్ పంక్ అని తర్వాత పేరు పడిన ధోరణికి పునాదుల్లో ఇదొకటి. అంటే ఆ పునాదిలో లయ, లక్ష్యం రెండూ ఉన్నాయి.

ఇక టొరాంటో ఇద్దరి దగ్గరికి వద్దాం. పాతికేళ్ల తర్వాత ఆ వారసత్వం వాళ్ల చేతికి వచ్చింది. వాళ్లు దాన్ని ఏం చేశారు?

రూపం వరకు చూస్తే అద్భుతమే చేశారు. మామూలు రాక్ జట్టులో నలుగురైదుగురు ఉంటారు. వీళ్లు ముఖ్యమైన గిటార్‌నే తీసేశారు. బేస్ గిటార్ అంటే సాధారణంగా వెనక నిలబడి మంద్రంలో ఆధారం ఇచ్చే వాద్యం. కీలర్ దాని ధ్వనిని యంత్రాలతో పగలగొట్టి, గరుకుచేసి, ముందుకు తెచ్చాడు. ఆధారమూ అదే, రాగమూ అదే. ఇటు గ్రెయింజర్ రెండు చేతులూ రెండు కాళ్లూ డ్రమ్స్‌కు అప్పగించి గొంతుతో పాడతాడు. అందువల్ల అతని పాటలో ఒక విశేషం వచ్చింది. అతని చరణాల పొడవును ఊపిరి నిర్ణయిస్తుంది. చెయ్యి బలంగా పడే చోట గొంతు తెగుతుంది, గొంతు సాగే చోట చెయ్యి కాస్త ఆగుతుంది. పాటా శ్రమా అక్కడ విడివిడిగా లేవు. దంపుడు పాటకూ నాట్ల పాటకూ ఉండే గుణమే ఇది. ఒళ్లు వంచి చేసే పనిలోంచే మాట కొలత పుడుతుంది.

మన బుర్రకథ తెలిసినవాళ్లకు ఈ రహస్యం కొత్తది కాదు. కథకుడు భుజాన తంబుర, చేతి వేళ్లకు అందెలు, కాళ్లకు గజ్జెలు కట్టుకుని ముందుకూ వెనక్కూ అడుగులేస్తూ పాడతాడు. వాద్యం, నాట్యం, గానం, అభినయం ఒకే మనిషిలో కలుస్తాయి. అయితే బుర్రకథలో ఇంకో ఇద్దరున్నారు. డక్కీలు వాయించే వంతల్లో ఒకరు రాజకీయం చెబుతారు, ఇంకొకరు హాస్యం చెబుతారు. కథకుడు ఊపిరి తీసుకునే లోపల వాళ్లు వంత అందుకుంటారు. పూర్వపు వీరుడి కథ నడుస్తుంటే మధ్యలో రాజకీయపు వంత ఈనాటి కరువునూ కంట్రోలునూ తెచ్చి ముందు పెడతాడు. అంటే వంత చేసే పని రెండు రకాలు. కథకుడికి ఊపిరినిస్తాడు, కథకు వర్తమానాన్నిస్తాడు. 1943 బెంగాల్ కరువును షేక్ నాజర్ బుర్రకథగా చెప్పి జనాన్ని కదిలించాడంటే, ఆయన గొంతు ఒక్కటే కారణం కాదు. ఆ ముగ్గురి మధ్య పని విభజన కూడా కారణం.

టొరాంటో జట్టులో ఆ మూడో మనిషి లేడు. కథను ఆపి 'ఇదంతా ఎందుకు చెబుతున్నావు?' అని అడిగేవాడు లేడు. అందుకే ఆ పాటలు ఊపిరాడకుండా పరిగెత్తుతాయి. వాటి బలం అదే, బలహీనతా అదే.

వస్తువును చూద్దాం. జట్టు పేరుకు 'పైనుంచి వచ్చే చావు' అని అర్థం. అది అమెరికా ఆకాశ సైనిక దళాల నోట నలిగిన నినాదం. వియత్నాం పల్లెల మీద హెలికాప్టర్లు కురిపించిన నిప్పు గుర్తున్నవాడికి ఆ పేరు మామూలుగా వినపడదు. ఆ పేరు పెట్టుకున్న జట్టు యుద్ధాన్ని వెక్కిరిస్తుందేమోనని ఎదురుచూస్తాం. అదేమీ లేదు. న్యూయార్కులోని ఒక రికార్డు కంపెనీకి దాదాపు అదే పేరుండటంతో తగాదా వచ్చి, పేరు చివర 1979 తగిలించారు. అది గ్రెయింజర్ పుట్టిన సంవత్సరం మాత్రమే. చికాగోలో రికార్డులు పేల్చిన సంవత్సరం, లీడ్స్ జట్టు తన తొలి రికార్డు తెచ్చిన సంవత్సరం కూడా అదేనని మనకు తోస్తుంది గాని, ఆ చరిత్రతో ఆ పేరుకు పనిలేదు. పాటల పేర్లు చూడండి. ఒకదాని పేరు 'నల్లవారి చరిత్ర మాసం', ఒకదాని పేరు 'ప్రచ్ఛన్నయుద్ధం', మరొకటి 'మన చేతుల మీది నెత్తురు'. ఇంత పెద్ద పేర్ల కింద ఏ చరిత్రా విప్పుకోదు. రికార్డులో చాలా పాటలు ఒక యువకుడి కోరిక, తగువు, విరహం, పెళ్లి గురించిన బెదురు చుట్టూ తిరుగుతాయి. చరిత్ర నుంచి మాటలు అరువు తెచ్చుకుని పడకగదికి తోరణాలు కట్టారు.

ప్రేమ వస్తువు కాకూడదని నేననడం లేదు. ప్రేమను రాసి గొప్ప కవులైనవాళ్లు మనకూ ఉన్నారు. నా అభ్యంతరం వేరు. రికార్డు పేరులోనే ఒక గొప్ప వస్తువు దాగి ఉంది. 'నేను యంత్రాన్ని' అని ఒక మగవాడు ఎందుకు అనుకోవలసి వచ్చింది? ఏ సమాజం, ఏ పని అతన్ని యంత్రం చేసింది? ఆ యంత్రం ముందు నిలబడిన స్త్రీ ఏమంటుంది? ఈ ప్రశ్నలు వేస్తే ఆ ముప్పైఐదు నిమిషాలు మరో ఎత్తుకు వెళ్లేవి. ఆ హోరుకు ఒక కారణం దొరికేది. రికార్డు అట్ట మీద వాళ్లిద్దరి ముఖాలకు ముక్కుల స్థానంలో ఏనుగు తొండాలు గీశారు. వినాయకుణ్ణి ఎరిగిన మనకు ఆ బొమ్మ ఇట్టే గుర్తుండిపోతుంది. కాని దానికీ పాటకూ లంకె ఏమిటో పాటలు చెప్పవు. రూపంలో ఉన్న తెగువ వస్తువులో లేదు.

ఇక్కడ కొందరు మిత్రులు ఒక వాదన తేవచ్చు. ఇద్దరే ఉన్న జట్టు, అంత వేగం, అంత హోరు - ఈ రూపానికి అంతకంటే బరువైన వస్తువును మోసే శక్తి లేదంటారు. ఈ వాదన నిలవదు. న్యూయార్కులో 1970లో మొదలైన సూయిసైడ్ అనే జట్టులో కూడా ఇద్దరే. అలన్ వేగా పాడేవాడు, మార్టిన్ రెవ్ కీబోర్డూ తాళయంత్రమూ నడిపేవాడు. 1977లో వచ్చిన వాళ్ల రికార్డులో పది నిమిషాలు దాటిన పాట ఒకటుంది. ఇరవయ్యేళ్ల ఫ్యాక్టరీ కార్మికుడు ఎంత చాకిరీ చేసినా భార్యాబిడ్డలకు తిండి పెట్టలేక, వాళ్లను చంపి తానూ చస్తాడు. వెనక తాళయంత్రం ఫ్యాక్టరీ యంత్రంలాగే మారకుండా కొట్టుకుంటూ పోతుంది. అక్కడ యంత్రం అలంకారం కాదు, ఆ హత్యలో భాగస్వామి. ఇద్దరు మనుషులు, అంతే పొదుపైన సాధనాలు, అయినా ఒక వర్గం జీవితం మొత్తం అందులో పట్టింది. కాబట్టి దోషం రూపానిది కాదు. దాన్ని పట్టుకున్న చేతులు అడగాల్సిన ప్రశ్న అడగలేదు.

ఇక విడిపోవడం సంగతి. 2006లో విడిపోయినట్టు ప్రకటిస్తూ కీలర్ ఒక విషయం చెప్పాడు. జట్టును ఆపేయాలని దాదాపు ఏడాది ముందే అనుకున్నారట. కాని అంతకు ముందే పెద్ద జట్లతో కలిసి పర్యటించడానికి ఒప్పుకున్నారు కాబట్టి ఆ కచేరీలన్నీ పూర్తి చేశారట. ఈ ఒక్క వాక్యంలో కళ సరుకైనప్పుడు ఏమవుతుందో ఉంది. ఇద్దరి మధ్య స్నేహం పోయింది, ఒప్పందం మాత్రం బతికుంది. ప్రతి రాత్రీ వేలమంది ముందు ఆ హోరు మోగింది. అది ఎవరి ఆవేశం? 'నేను యంత్రాన్ని' అన్న మాట పాటలో విప్పుకోలేదు గాని, వాళ్ల జీవితంలో అక్షరాలా నిజమైంది.

విడిపోయాక రికార్డు చేతులు మారుతూ ఇంకా విస్తరించింది. 2011 మార్చిలో అమెరికాలోని ఆస్టిన్ నగరంలో మళ్లీ కలిసి వాయించినప్పుడు, లోపల చోటు దొరకని జనం కంచెను పడదోశారు, పోలీసులు దిగారు. ఈ వార్త చదివి ఉత్సాహపడే కుర్రవాళ్లుంటారు. కంచె పడదోయడం మనకూ ఇష్టమైన పనే. కాని ఆ కంచెకు అవతల ఏముంది? అదే పాట, ఇంకొంచెం దగ్గరగా. లక్ష్యం లేని శక్తి అంతకంటే దూరం పోలేదు. ఆ తర్వాత 2014లో, 2017లో, 2021లో కొత్త రికార్డులు తెచ్చారు. పనితనం తగ్గలేదు. కాని మొదటి రికార్డులో వాళ్లు వదిలేసిన ప్రశ్న మాత్రం అలాగే ఉంది.

జంటలు విడిపోవడం మనకు తెలియని విషయం కాదు. ప్రొద్దుటూరులో దుర్భాక రాజశేఖర శతావధాని, గడియారం వేంకటశేష శాస్త్రి జంటగా అవధానాలు చేశారు. తర్వాత ఎవరి కావ్యం వారు రాసుకున్నారు. ఒకరు రాణాప్రతాపుణ్ణి, ఇంకొకరు శివాజీని తీసుకున్నారు. వాళ్ల కావ్యాల భావజాలంతో మనకు వాదం ఉండవచ్చు. కాని జంట పోయాక మిగిలిందేమిటంటే, అవధానాల హోరు కాదు, ఆ కావ్యాలే. మరోపక్క సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు జంటను చూడండి. వాళ్లు 1947లో రాసిన 'మా భూమి' నాటకాన్ని మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. అప్పటికే వందకు పైగా దళాలు దాన్ని తమదిగా చేసుకుని ఊరూరా ఆడాయి. రాసినవాళ్లిద్దరే, ఆడినవాళ్లు వందల్లో, అది తమ కథేనని నమ్మినవాళ్లు లక్షల్లో. ఆ జంట ఉన్నా లేకున్నా నాటకం నడిచింది. కారణం, దాని కేంద్రం ఆ ఇద్దరి మధ్య లేదు. దున్నేవాడికీ భూమికీ మధ్య ఉంది.

టొరాంటో జట్టుకు కేంద్రం ఆ ఇద్దరి మధ్యే ఉంది. అందుకే వాళ్ల మాటలు తెగగానే పాట తెగింది. ఇంకెవరూ ఆ పాటను ఎత్తుకుని ముందుకు తీసుకుపోలేకపోయారు. వాళ్లిద్దరే మళ్లీ కలిసేదాకా లోకం ఆగాల్సి వచ్చింది.

అయినంత మాత్రాన మనం గర్వపడి కూర్చోవడానికి లేదు. ముందు చెప్పిన లోటు దగ్గరికి మళ్లీ రావాలి. వందల దళాలు ఆడిన సంప్రదాయానికి వారసులమని చెప్పుకునే మన సభల్లో ఇవాళ పాట ఎందుకు చల్లబడింది? తంబుర పట్టి అడుగులేసే కథకుడి స్థానంలో మైకు ముందు కదలకుండా నిలబడి చదివే గాయకుడు ఎందుకు వచ్చాడు? మా జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల పల్లెల్లో చెక్కభజన ఉంది. చెక్కలు చేతబట్టి, గజ్జెలు కట్టి, గుండ్రంగా తిరుగుతూ గురువు పిలుపుకు బదులిస్తూ గంటలకొద్దీ ఆడతారు. పొద్దంతా చేలో పనిచేసిన మనిషి రాత్రి ఆ వలయంలోకి దిగి అలసట మరిచిపోతాడు. ఆ శక్తి చాలావరకు రాముడి పాటలకూ కృష్ణుడి పాటలకూ అంకితమై ఉంది. దాన్ని శనగ రైతు అప్పు గురించి, బోరు ఎండిన చేను గురించి, గల్ఫుకు పోయిన కొడుకు గురించి ఆడించవచ్చునని మనలో ఎంతమంది ఆలోచించారు? ఆలోచించినవాళ్లు కూడా ఆ వలయంలో నిలబడి నాలుగు అడుగులు నేర్చుకున్నారా? నేర్చుకోకుండా రాస్తే ఆ పాట అడుగుకు సరిపోదు. అడుగుకు సరిపోని పాటను జనం మర్యాదగా విని వదిలేస్తారు.

కొత్తగా రాస్తున్న యువకులకు నేను చెప్పదలచుకున్నది ఇది. ఆ ముప్పైఐదు నిమిషాల రికార్డును వినండి. సిగ్గుపడనక్కరలేదు. రెండే వాద్యాలతో ఎంత నిండుదనం తేవచ్చునో, అనవసరమైనదాన్ని తీసేస్తే మిగిలినదానికి ఎంత బలం వస్తుందో, ఊపిరి కొలతతో చరణం కొలత ఎలా కుదురుతుందో గమనించండి. ఇవి ఏ వర్గానికీ సొంతం కావు, నేర్చుకున్నవాడివి. దాని ఖాళీతనాన్ని కూడా అంతే జాగ్రత్తగా గమనించండి. పెద్ద పేర్లు పెట్టి చిన్న సంగతులు చెప్పడం ఒక్క టొరాంటోలోనే లేదు. 'విప్లవం', 'నెత్తురు', 'అగ్ని' అన్న పేర్లతో మన దగ్గర వచ్చే కవితా సంపుటాలు కొన్నింటిలో కూడా లోపల ఉన్నది కవి స్వంత బాధే. ఆ జట్టు మనకు దూరం కాదు.

లక్ష్యం ఉంది కదా అని లయను తక్కువ చేసేవాడు జనాన్ని తక్కువ చేస్తున్నాడు. జనం చెవితో మాత్రమే వినరు, ఒంటితో వింటారు. లయ ఉంది కదా అని లక్ష్యాన్ని వదిలేసేవాడు, జనం ఒంట్లో లేపిన శక్తిని కంచె దగ్గర వదిలేసి పోతున్నాడు. ఈ రెండింటినీ ఒకే మనిషిలో నిలిపిన కథకుడు మన మధ్య తిరిగి ఎక్కువకాలం కాలేదు. నాజర్ పోయింది 1997లో. ఆయన ముందు కూర్చుని కథ విన్నవాళ్లు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు. మన యువ రచయితలు టొరాంటో రికార్డు విన్న చెవులతోనే వాళ్ల దగ్గరికి వెళ్లి, ఆ అడుగు ఎలా పడేదో అడిగి రాసుకోవాలి. ఆ పని ఈ ఏడాదే మొదలుపెట్టాలి. అడగడానికి మనుషులు ఎల్లకాలం ఉండరు.